అటక దాకా చూసినవారికే సామాను అప్పగించండి: ప్యాకర్స్ అండ్ మూవర్స్‌ను ఎంచుకోవడం ఎలా?

కొన్నేళ్ల కిందట హైదరాబాద్ నుంచి బెంగళూరుకు ఇల్లు మారినప్పుడు ధర అంతా ఫోనులోనే మాట్లాడుకున్నాం. రెండు పడకగదుల ఇల్లని చెప్పగానే అవతలివారు ఒక అంకె చెప్పారు, నేను సరే అన్నాను. అనుకున్న రోజు ఉదయం వచ్చిన లారీ మధ్యాహ్నానికే నిండిపోయింది. అటక మీది ఇత్తడి బిందెలు, అమ్మ వాడిన రుబ్బురోలు, రెండు గోనెసంచుల పుస్తకాలు, పిల్లల ఉయ్యాల వరండాలోనే ఉండిపోయాయి. రాత్రి తొమ్మిదింటికి, తాళాలు ఇంటి యజమాని చేతిలో పెట్టాల్సిన వేళ, రెండో బండికి బేరం మొదలైంది. ఖాళీ ఇంట్లో నిలబడి ఎవరు మాత్రం గట్టిగా బేరమాడగలరు? అడిగినంతా ఇచ్చాను. తర్వాత ఆలోచిస్తే అసలు తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. మా ఇంట్లో ఏముందో వారు చూడలేదు, నేను చూపించలేదు.

ఆ తర్వాత మరో రెండు సార్లు ఊళ్లు మారాం. ఇప్పుడు నాకు ఒకటే కొలమానం. ఇంటికి వచ్చి, అలమరలు తెరిపించి, అటక మీదకు తొంగిచూసి, ఒక్కో వస్తువూ జాబితాలో రాసుకున్న సంస్థతోనే మాట్లాడతాను. ఆ జాబితా లేకపోతే ధరకు అర్థం ఉండదు, బీమాకు ఆధారం ఉండదు, వస్తువు పోతే అడగడానికి నోరు ఉండదు.

ముందు మీ జాబితా మీరు రాసుకోండి

ఎవరికీ ఫోను చేయకముందే ఈ పని చేయాలి. ఒక నోటుపుస్తకం తీసుకుని గది గదికీ వెళ్లండి. మంచాలు, సోఫా, ఫ్రిజ్ లాంటివి అందరికీ గుర్తుంటాయి. లెక్క తప్పేది అటక మీద, బాల్కనీలో, వంటింటి కింది అరల్లో, పూజ గదిలో. కుండీలు, ఇన్వర్టరు బ్యాటరీ, గ్రైండరు, నీళ్ల శుద్ధి యంత్రం, సైకిలు, పండగలకు మాత్రమే బయటికి తీసే పెద్ద గిన్నెలు అన్నీ రాయండి. మీతో తీసుకెళ్లేవి, ఇచ్చేసేవి, అమ్మేసేవి అప్పుడే గుర్తు పెట్టుకుంటే తరలించాల్సినవే మిగులుతాయి. పాత సోఫాను 600 కిలోమీటర్లు మోయించే ఖర్చుతో అక్కడే ఇంకొకటి కొనుక్కోవచ్చేమో లెక్కేసుకోవడానికీ ఇదే సమయం.

తేదీ విషయం కూడా ఇప్పుడే తేల్చుకోండి. నెలాఖరులో, శని ఆదివారాల్లో బండ్లకు గిరాకీ ఎక్కువ. మన ఇళ్లలో ఆషాఢంలో, శూన్యమాసాల్లో కొత్త ఇంట్లో అడుగుపెట్టరు కాబట్టి, శ్రావణం రాగానే మంచిరోజులన్నింటికీ ఒకేసారి బుకింగులు పడతాయి. పాలు పొంగించే ముహూర్తం, సామాను చేరే రోజు ఒకటే కానక్కర్లేదు. స్టవ్వు, గిన్నె, దీపపు కుందులు మీతో తీసుకెళ్లి ముహూర్తానికి పాలు పొంగించండి. సామాను రద్దీ లేని రోజున వస్తే ధర తగ్గుతుంది, మంచి పనివారు దొరుకుతారు.

కనీసం మూడు సంస్థల వారిని ఇంటికి పిలవండి

ఇంటర్నెట్‌లో కనిపించే ప్రతి వెబ్‌సైటూ సొంత బండ్లున్న సంస్థది కాదు. కొన్ని మీ నంబరు తీసుకుని పదిమందికి అందిస్తాయి, పావుగంటలో ఫోన్లు వరస కడతాయి. అందుకే ఇటీవల ఇల్లు మారిన ఇరుగుపొరుగువారిని, ఆఫీసులో బదిలీల వ్యవహారం చూసేవారిని, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను ముందు అడగండి. ఏ లారీ చెప్పిన సమయానికి వచ్చిందో, ఎవరి హమాలీలు మెట్ల దగ్గర గొడవ పెట్టుకున్నారో వాచ్‌మన్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వచ్చిన మనిషిని గమనించండి. గుమ్మంలో నిలబడి ఇల్లంతా ఒక చూపు చూసి ధర చెప్పేవారిని అక్కడి నుంచే పంపించేయవచ్చు. పనితెలిసినవారు ప్రశ్నలు అడుగుతారు. కొత్త ఇల్లు ఎన్నో అంతస్తు, లిఫ్టులో పెద్ద మంచం పడుతుందా, లారీ గేటు దాకా వస్తుందా, అపార్ట్‌మెంటు సంఘం ఏ వేళల్లో సామాను ఎక్కించనిస్తుంది, వీధిలో పగలు లారీలను అనుమతిస్తారా అని అడుగుతారు. ఇరుకు సందులోకి పెద్ద బండి రాకపోతే సామానును చిన్న బండిలోకి మార్చాలి. దానికి అయ్యే ఖర్చు ఇప్పుడే చెప్పించుకోకపోతే దింపే రోజున చెబుతారు.

ఇంకో ప్రశ్న మీరు అడగాలి. మన సామాను ఒక్కటే వెళ్లే బండా, నలుగురి సామాను కలిపి తీసుకెళ్లే బండా? కలిపి వెళ్లేది చౌక. కానీ మధ్యలో గోదాములో దించి మళ్లీ ఎక్కిస్తారు, రోజులు ఎక్కువ పడతాయి, పెట్టెలు మారిపోయే ప్రమాదమూ ఉంటుంది. అద్దాల బీరువాలు, తాతల నాటి టేకు సామాను ఉన్నవారికి విడి బండే మేలని నా అభిప్రాయం.

బోర్డు మీది పేరును నమ్మకండి

పేరున్న సంస్థల పేర్లకు ముందో వెనకో ఒక మాట చేర్చి, రంగులూ గుర్తులూ అలాగే పెట్టుకుని వ్యాపారం చేసేవారు ఈ రంగంలో చాలామంది ఉన్నారు. కాబట్టి జీఎస్టీ సంఖ్య అడగండి. అందులో 15 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29. జీఎస్టీ పోర్టల్‌లో ఆ సంఖ్య కొడితే అసలు చట్టబద్ధమైన పేరు, నమోదైన తేదీ, చిరునామా, నమోదు ఇంకా చెల్లుతుందా లేదా అన్నీ కనిపిస్తాయి. ఇరవై ఏళ్ల అనుభవం అని చెప్పుకునే సంస్థ నిరుడే నమోదైనట్టు కనిపిస్తే ఆ తేడాకు కారణం అడగండి. వీలుంటే వారి ఆఫీసుకో గోదాముకో ఒకసారి వెళ్లి రండి.

‘ఐబీఏ ఆమోదం పొందిన సంస్థ’ అనే మాట ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. ఐబీఏ, అంటే భారతీయ బ్యాంకుల సంఘం, రవాణా సంస్థల జాబితా ఒకటి నిర్వహించే మాట నిజమే. అది ప్రధానంగా లారీ రసీదుల (సరుకు తీసుకున్నట్టు రవాణా సంస్థ ఇచ్చే పత్రాల) మీద బ్యాంకులు చేసే లావాదేవీల కోసం పెట్టుకున్నది. మీ గాజుసామాను పగలకుండా చేరుతుందనడానికి అది పూచీ కాదు. బదిలీ ఖర్చులు తిరిగి ఇచ్చే ఆఫీసు ఆ ఆమోదం ఉన్న బిల్లే కావాలంటే మాత్రం, జాబితాలో ఆ సంస్థ ఇప్పటికీ ఉందో లేదో సరిచూసుకోండి.

ధర పక్కన ఏమేమి రాసి ఉండాలి

వస్తువుల జాబితా జతచేసిన రాతపూర్వక కొటేషన్ తీసుకోండి. ప్యాకింగు, ఎక్కించడం, రవాణా, దించడం, విప్పి అమర్చడం, ఖాళీ అట్టపెట్టెలు తీసుకెళ్లడం, వీటిలో ఏవి కలిశాయో ఏవి కలవలేదో అందులో ఉండాలి. ఏసీ విప్పి బిగించడం, గీజరు, గోడకున్న టీవీ సాధారణంగా విడిగా లెక్కిస్తారు. జీఎస్టీ కలిపిన ధరా, కలపనిదా అని తప్పక అడగండి. ప్యాకింగు, రవాణా కలిసిన సేవకూ, ఒట్టి రవాణాకూ పన్ను రేట్లు వేరుగా ఉండవచ్చు. చేర్చే తేదీ, ఆలస్యమైతే ఏం చేస్తారు అన్నదీ రాయించండి.

దారిలో ‘చెక్‌పోస్టు పన్ను’, ‘ప్రవేశ పన్ను’ అంటూ అదనంగా అడిగితే ఇవ్వకండి. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చాక ప్రవేశ పన్ను, ఆక్ట్రాయ్ (ఊళ్లోకి వచ్చే సరుకు మీద స్థానిక సంస్థలు వేసే పన్ను) అందులో కలిసిపోయాయి. వాడుకలో ఉన్న ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) కూడా అవసరం లేదు.

మూడు కొటేషన్లలో రెండు దగ్గర దగ్గరగా ఉండి, మూడోది సగానికి సగం తక్కువగా ఉంటే సంతోషించకండి. ఈ రంగంలో ఎక్కువగా వినిపించే మోసం అక్కడే మొదలవుతుంది. తక్కువ చెప్పి సామాను ఎక్కించుకుంటారు. లారీ ఊరు దాటాక ఫోను వస్తుంది, బరువు ఎక్కువైందని, ఇంకో ముప్పై వేలు పంపితేనే బండి కదులుతుందని. మీ సంసారమంతా ఆ లారీలో ఉంటుంది కాబట్టి చాలామంది ఇచ్చేస్తారు. దీనికి అడ్డుకట్ట ముందే వేయాలి. బుకింగుకు కొద్ది మొత్తం, ఎక్కించాక కొంత, చెప్పుకోదగిన భాగం సామాను దించాకే ఇచ్చేలా ఒప్పందం రాసుకోండి. డబ్బు వ్యక్తి పేరున కాకుండా సంస్థ బ్యాంకు ఖాతాకే పంపండి. మొత్తం ముందే కట్టమనేవారితో పని పెట్టుకోకండి.

బీమా: ఇక్కడ తొందరపడకండి

కొటేషన్‌లో ‘ఇన్సూరెన్స్’ అనో ‘ఎఫ్‌ఓవీ’ అనో సామాను విలువ మీద ఇంత శాతం అని ఉంటుంది. రెండూ ఒకటి కాదు. రెండోది నష్టానికి తామే కొంత బాధ్యత వహిస్తామని రవాణా సంస్థ తీసుకునే రుసుము. దాని హద్దులు వారి నిబంధనల్లోనే ఉంటాయి. మొదటిది బీమా కంపెనీ ఇచ్చే పాలసీ అయి ఉండాలి. ‘ఇన్సూరెన్స్ కట్టాను కదా’ అని ధీమాగా ఉన్నవారు, తమ పేరున అసలు పాలసీయే లేదని సామాను పగిలాక తెలుసుకున్న సందర్భాలు ఉన్నాయి. కాబట్టి లారీ కదలకముందే పాలసీ సంఖ్య, బీమా కంపెనీ పేరు, మీ పేరు, సామాను విలువ ఉన్న పత్రం చేతికి తీసుకోండి. ఇస్తామని చెప్పి ఇవ్వకపోతే ఆ రుసుము కట్టకండి. ఒక్క ప్రయాణానికి సరిపడే పాలసీని బీమా కంపెనీ దగ్గర మీరే తీసుకునే వీలుందేమో కూడా అడగండి.

దేశంలో రోడ్డు, రైలు రవాణా బీమాకు ఏ, బీ, సీ అని మూడు రకాల నిబంధనలు ఉన్నాయి. సీ రకంలో నిప్పు, పిడుగు వల్ల జరిగిన నష్టానికే పరిహారం. బీలో బండి ఢీకొనడం, బోల్తాపడడం లాంటివీ చేరతాయి. ఎక్కించేటప్పుడు చేయిజారి పగిలినదానికి పరిహారం రావాలంటే ఏ రకం కావాలి. దానిలోనూ మినహాయింపులు ఉంటాయి. పైకి దెబ్బ కనిపించకుండా లోపల పాడైన టీవీ, ఫ్రిజ్ లాంటివాటికి సాధారణంగా పరిహారం ఇవ్వరు.

ప్రీమియం తగ్గుతుందని సామాను విలువ తక్కువ చేసి రాయించకండి. 5 లక్షల రూపాయల సామానుకు 2 లక్షలే రాయిస్తే, 50 వేల నష్టం జరిగినప్పుడు అదే నిష్పత్తిలో 20 వేలే ఇవ్వవచ్చు. మీరు రాసుకున్న జాబితాలో ప్రతి వస్తువుకూ ఈనాటి విలువ రాయడం పెద్ద పనే. అయినా ఒక సాయంత్రం కూర్చుని చేయండి.

ప్యాకింగు రోజున

బంగారం, నగదు, దస్తావేజులు, సర్టిఫికెట్లు, మందులు ముందు రోజే మీ సంచిలో పెట్టేసుకోండి. వీటికి ఏ సంస్థా బాధ్యత తీసుకోదు. గ్యాస్ సిలిండరును లారీలో ఎక్కించకూడదు, ఏజెన్సీలో అప్పగించి బదిలీ పత్రం తీసుకోండి. ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపి మంచు కరిగించి ఆరబెట్టాలి, నిలువుగానే ప్రయాణం చేయించాలి. ముందువైపు తలుపున్న వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు డ్రమ్ము కదలకుండా బిగించి వచ్చిన బోల్టులు మీ దగ్గర ఉంటే వెతికి తీయండి. అవి లేకుండా వందల కిలోమీటర్లు వెళ్తే డ్రమ్ము దెబ్బతినవచ్చు. ద్విచక్ర వాహనంలో పెట్రోలు తీసేయించి, గీతలూ సొట్టలూ ఉన్నచోట ఫొటోలు తీసి, కాగితాల నకళ్లు మాత్రమే ఇవ్వండి.

ఆవకాయ జాడీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నూనె కారి పక్క పెట్టెల్లోని బట్టలు పాడైతే ఎవరూ పరిహారం ఇవ్వరు. పచ్చడిని మూత గట్టిగా పట్టే డబ్బాల్లోకి మార్చి మీ వెంట తీసుకెళ్లండి, ఖాళీ జాడీని గుడ్డల మధ్య పెట్టించండి.

ప్రతి పెట్టె మీదా సంఖ్య, గది పేరు, లోపల ఏముందో రాయించండి. అదే సంఖ్య జాబితాలోనూ పడాలి. లారీ రసీదు తీసుకోకుండా బండిని కదలనివ్వకండి. అందులో లారీ నంబరు, పెట్టెల సంఖ్య, సామాను విలువ, చేరాల్సిన చిరునామా ఉండాలి. ఆ నంబరు బండికి ఉన్న నంబరు పలకతో సరిపోతుందో మీ కళ్లతో చూసి ఫొటో తీయండి. డ్రైవరు ఫోను నంబరు కూడా తీసుకోండి.

దించాక, సంతకానికి ముందు

ఒకరు గుమ్మం దగ్గర నిలబడి పెట్టెల సంఖ్యలు జాబితాలో కొట్టేస్తూ ఉండాలి. ఇంకొకరు లోపల గాజుసామాను, టీవీ పెట్టెలు హమాలీల ముందే విప్పించాలి. పగిలినవీ తగ్గినవీ ఉంటే చేరినట్టు ఇచ్చే రసీదు మీదే రాసి, ఆ తర్వాతే సంతకం చేయండి. ‘సామాను సక్రమంగా అందింది’ అని ముందే అచ్చువేసి ఉంటే ఆ మాట కొట్టేసి మీ మాట రాయండి. అన్నీ విప్పే తీరిక లేకపోతే ‘పెట్టెలు విప్పి చూడలేదు’ అని రాయండి. అదే రోజు ఫొటోలతో సంస్థకూ, బీమా కంపెనీకీ ఈమెయిల్ పంపండి.

ఎక్కువ నష్టం జరిగి సంస్థ ముఖం చాటేస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. సంస్థ ఆఫీసు ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. ఆ సేవకు మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. ఒక్క గడువు మాత్రం మరవకండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద రవాణాదారుపై దావా వేయాలంటే, సామాను బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. లారీ రసీదు, వస్తువుల జాబితా, ఈమెయిళ్లు అప్పటిదాకా ఒకే ఫైలులో ఉంచండి. ఇంకా విప్పని పెట్టెలుంటే మొదటి వారంలోనే విప్పి చూడండి.