ఎఫ్-1 (అమెరికా విద్యార్థి) వీసాలో తప్పు దొర్లితే, సెమిస్టర్‌కి ఆలస్యమైతే ఏం చేయాలి?

జులై చివరికొచ్చేసరికి తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్లల్లో ఒకటే ఆందోళన. అడ్మిషన్ వచ్చింది, లోన్ సాంక్షన్ అయింది, సూట్‌కేసు సగం సర్దేశారు. పాస్‌పోర్ట్ మాత్రం ఇంకా కాన్సులేట్‌లోనే ఉంది. లేదంటే చేతికొచ్చిన వీసా మీద పుట్టిన తేదీ తారుమారైంది. ఇలాంటప్పుడు ముందు టెలిగ్రామ్ గ్రూపులో అడుగుతారు, తర్వాత కన్సల్టెన్సీకి ఫోన్ కొడతారు. వాళ్లెవరూ మీ కాగితాన్ని దిద్దలేరు. అమెరికా చదువుకి కావాల్సిన ఒక్కో కాగితం ఒక్కో చోట తయారవుతుంది. తప్పు ఎక్కడ పడిందో అక్కడే దిద్దించుకోవాలి, అదీ ఐ-20 (అడ్మిషన్ ఇచ్చిన యూనివర్సిటీ పంపే అర్హత పత్రం) మీద ఉన్న తేదీ దాటకముందే.

1. కాగితాలన్నీ వరసగా పెట్టి తప్పు ఎక్కడ మొదలైందో పట్టుకోండి

పాస్‌పోర్ట్, ఐ-20, సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డులుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) ఫీజు రసీదు, డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా అప్లికేషన్ ఫారం) కన్ఫర్మేషన్ పేజీ, వీసా. ఈ వరసలోనే పెట్టండి, ఎందుకంటే ముందు కాగితంలోని తప్పే తర్వాతి దాంట్లోకి దిగుతుంది. ప్రతిదాంట్లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, సెవిస్ నంబరు చూడండి. సెవిస్ నంబరంటే ఎన్ అక్షరం, దాని తర్వాత పది అంకెలు.

ఐ-20లో తప్పుంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉండే డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే అధికారి) దిద్దాలి. మెయిల్ పెడితే సరిచేసిన పీడీఎఫ్ పంపిస్తారు. ప్రింట్ తీసి సంతకం పెట్టుకుంటే చాలు, కొరియర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. డీఎస్-160లో తప్పుంటే అది మీ పని. మిగతావన్నీ సరిగ్గా ఉండి వీసా స్టిక్కర్ మీదే తప్పు పడితే కాన్సులేట్ పని. అమెరికాలో దిగాక ఐ-94లో (మీరు దేశంలోకి వచ్చినట్టు నమోదయ్యే రికార్డు) కనిపిస్తే అక్కడి కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ (సీబీపీ) వాళ్ల పని.

పుట్టిన తేదీ ఎక్కువగా తప్పేది రోజు, నెల తిరగబడటం వల్ల. 05/08 అంటే మనకు ఆగస్టు 5, అమెరికా వాళ్లకు మే 8. యూనివర్సిటీ అప్లికేషన్‌లో మనమే అలా నింపి ఉంటాం, ఐ-20లో అదే దిగుతుంది.

2. ఇంటి పేరు చిక్కుని వేరుగా చూడండి

తెలుగువాళ్ల పాస్‌పోర్టుల్లో ఎక్కువ తలనొప్పి ఇక్కడే. పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఇంటి పేరుతో సహా మొత్తం పేరుని ‘గివెన్ నేమ్’ గడిలో పెట్టేసి, ‘సర్‌నేమ్’ గడి ఖాళీగా వదిలేసిన పాస్‌పోర్టులు బోలెడు. అమెరికా ఫారాల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండటానికి వీల్లేదు. అందుకని మొత్తం పేరు సర్‌నేమ్‌లోకి పోతుంది, గివెన్ నేమ్ దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. వీసా మీద అది చూసి కంగారు పడి కాన్సులేట్‌కి రాసేవాళ్లున్నారు. అది తప్పు కాదు, పద్ధతే అంత.

అసలు తప్పు ఎప్పుడంటే, పాస్‌పోర్ట్‌లో విడగొట్టని పేరుని యూనివర్సిటీ అప్లికేషన్‌లో మీకు తోచినట్టు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్‌గా విడగొట్టినప్పుడు. సెవిస్‌లో పేరు పాస్‌పోర్ట్ అడుగున ఉండే రెండు వరసల మెషీన్ అక్షరాలకు తగ్గట్టు ఉండాలి. కాబట్టి డీఎస్ఓకి మెయిల్ పెట్టేటప్పుడు పాస్‌పోర్ట్ స్కాన్ జత చేసి, ఆ రెండు వరసలు చూసి సరిచేయమని అడగండి.

ఇంటి పేరు వేరుచేసి పాస్‌పోర్ట్ రీఇష్యూ చేయించుకోవచ్చు. అప్లికేషన్లు మొదలుపెట్టక ముందైతే తప్పకుండా చేయించుకోండి, తర్వాత అమెరికాలో సోషల్ సెక్యూరిటీ కార్డుకీ, డ్రైవింగ్ లైసెన్సుకీ ఎఫ్ఎన్‌యూ బెడద ఉండదు. ఐ-20 వచ్చి, ఇంటర్వ్యూ స్లాట్ కూడా బుక్కయ్యాక మాత్రం నన్నడిగితే వద్దనే అంటాను. పాస్‌పోర్ట్ నంబరు మారితే డీఎస్-160, అపాయింట్‌మెంట్ ప్రొఫైల్, ఐ-20 అన్నీ మళ్లీ మార్చుకోవాలి. అంత టైమ్ ఉండదు.

3. డీఎస్-160ని మీరే తెరిచి చదవండి

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీలు నింపి పెట్టిన ఫారాన్ని ఒక్కసారి కూడా చూడకుండా ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు తక్కువేం లేరు. అందులో ఏం రాసినా నిజమని ఒప్పుకుంటున్నది మీరే. ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది. చేయించుకుని ‘లేదు’ అని రాయకండి.

సబ్మిట్ చేశాక దాన్ని దిద్దడం కుదరదు. పాత నంబరుతో వివరాలు తెచ్చుకుని కొత్త ఫారం నింపాలి. కొత్త కన్ఫర్మేషన్ నంబరు వస్తుంది, ఏఏ అక్షరాలతో మొదలవుతుంది. దాన్ని వెంటనే అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లో మార్చండి. ఇది మర్చిపోతే అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఒక నంబరు, చేతిలో ఇంకో నంబరు ఉంటాయి, గేటు దగ్గరే ఆపేయొచ్చు. ఇంటర్వ్యూ అయిపోయాక తప్పు కనిపిస్తే మీ అంతట మీరు కొత్త ఫారం నింపకండి, కాన్సులేట్‌కి రాసి వాళ్లు చెప్పినట్టు చేయండి.

ఐదేళ్లుగా వాడిన సోషల్ మీడియా ఖాతాల వివరాలూ ఇందులో అడుగుతారు. కొన్నాళ్లు ఆగిన విద్యార్థి వీసా ఇంటర్వ్యూలు 2025 జూన్‌లో తిరిగి మొదలైనప్పటి నుంచి విద్యార్థులు ఆ ఖాతాలను పబ్లిక్‌లో పెట్టాలి. ఇన్‌స్టాగ్రామ్ ప్రైవేట్‌లో ఉందని ఆగిపోవడం అనవసరం.

4. పాస్‌పోర్ట్ తీసుకున్న చోటే వీసా చూసుకోండి

ఇంటికెళ్లి దేవుడి ముందు పెట్టే ముందు, కౌంటర్ పక్కన నిలబడి ఒక్క ఐదు నిమిషాలు చదవండి. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ, క్లాస్ దగ్గర ఎఫ్1, ఎంట్రీల దగ్గర ఎం, కింద యూనివర్సిటీ పేరు, సెవిస్ నంబరు. భారతీయులకు ఎఫ్-1 మామూలుగా ఐదేళ్లకు, ఎన్నిసార్లైనా వెళ్లొచ్చేలా ఇస్తారు.

తప్పుంటే వీసా పేజీ, పాస్‌పోర్ట్ మొదటి పేజీ, ఐ-20 స్కాన్లు జతచేసి, ఏ గడిలో ఏముంది, ఏముండాలి అన్నది రెండే వాక్యాల్లో రాసి కాన్సులేట్ వీసా సహాయ విభాగానికి పంపండి. పాస్‌పోర్ట్ వెనక్కి ఇమ్మంటారు, కొత్త స్టిక్కర్ వేసి ఇస్తారు. టికెట్ దగ్గరపడిందని తప్పున్న వీసాతోనే బయల్దేరితే చెకిన్ కౌంటర్‌లోనే ఆపేస్తారేమో చెప్పలేం.

వీసా మీద ఒక యూనివర్సిటీ పేరుండి, ఈలోగా మీరు ఇంకోదాంట్లో చేరాలనుకుంటే అది స్టిక్కర్ తప్పు కాదు, వేరే సంగతి. మొదటిసారి అడుగుపెట్టేటప్పుడు వీసా మీదున్న యూనివర్సిటీ ఐ-20తోనే వెళ్లాలి. మార్చాలనుకుంటే బయల్దేరకముందే రెండు చోట్ల డీఎస్ఓలతో మాట్లాడి తేల్చుకోండి.

5. 221జీ స్లిప్పునీ తిరస్కరణనీ ఒకటి చేసుకోకండి

ఇంటర్వ్యూలో చేతికి 221జీ స్లిప్పు ఇచ్చి పంపితే ఆన్‌లైన్‌లో స్టేటస్ ‘రిఫ్యూజ్డ్’ అని కనిపిస్తుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినరు. నిజానికి ఫైలు ఇంకా తెరిచే ఉంది. ఏదైనా డాక్యుమెంటు కావాలి, లేదా లోపల పరిశీలన జరుగుతోంది. స్లిప్పులో అడిగింది అడిగినట్టు పంపండి. దానికి ఏడాది గడువుంటుంది, మళ్లీ ఫీజు ఉండదు. అడగని కాగితాలు కుప్పలుగా పంపినంత మాత్రాన పని తొందరగా కాదు. కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ లాంటి టెక్నికల్ కోర్సుల వాళ్లు ఇందులో వారాల తరబడి ఇరుక్కోవడం ఉంది. కాబట్టి స్లిప్పు వచ్చిన రోజే ఆలస్యానికి సిద్ధపడి ఆరో మెట్టు మొదలుపెట్టండి.

అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలోని 214బీ సెక్షన్ కింద కాదంటే అది తిరస్కరణే. అప్పీలు లేదు, ఫీజు కట్టి మళ్లీ అప్లై చేసుకోవాలి. ఫీజు 185 డాలర్లు. మీ పరిస్థితిలోనో, చెప్పే తీరులోనో ఏమీ మారకుండా వారంలోపే మళ్లీ వెళ్తే జవాబు మారుతుందని ఆశపడొద్దు.

స్లాట్ దొరకలేదంటే ముందు ఏ తేదీ ఉంటే అది బుక్ చేసి, ఆ తర్వాత కోర్సు మొదలయ్యే తేదీ చూపించి ముందస్తు అపాయింట్‌మెంట్‌కి అభ్యర్థన పెట్టండి. ఊరికే తేదీలు మార్చుకుంటూ పోకండి, 2025 జనవరి నుంచి ఉచితంగా మార్చుకునే అవకాశం ఒక్కసారే. స్లాట్ ఇప్పిస్తామని వేలకు వేలు అడిగే ఏజెంట్లకు దూరంగా ఉండండి. 2025 మార్చిలో బాట్లతో (వాటంతటవే బుక్ చేసే సాఫ్ట్‌వేర్‌తో) బుక్ చేసిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను అమెరికా ఎంబసీ రద్దు చేసింది. దుబాయ్‌కో, సింగపూర్‌కో వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చే దారి కూడా దాదాపు మూసుకుపోయింది. 2025 సెప్టెంబరు 6 నుంచి సొంత దేశంలోనో, నివాసముంటున్న దేశంలోనో అప్లై చేయాలి.

6. ప్రోగ్రామ్ స్టార్ట్ డేట్‌కి ముందే డీఎస్ఓకి రాయండి

ఈ మెట్టు ఒక్కటి తప్పితే మిగతావన్నీ సరిగ్గా చేసినా లాభం లేదు. ఐ-20 మీద అమెరికాలోకి ఎప్పటి నుంచి రావచ్చో ఉంటుంది, అది స్టార్ట్ డేట్‌కి 30 రోజుల ముందు. దాని పక్కనే ప్రోగ్రామ్ స్టార్ట్ డేట్ ఉంటుంది. మీరు ఆ తేదీకల్లా చేరాలి. చేరలేకపోతే యూనివర్సిటీ ఒప్పుకోవాలి. ఆ తేదీ తర్వాత 30 రోజుల్లో మీరొచ్చినట్టు డీఎస్ఓ సెవిస్‌లో నమోదు చేయాలి కాబట్టి వాళ్లకీ ఒక హద్దుంది. చెప్పా పెట్టకుండా ఉండిపోతే రాలేదని రికార్డు మూసేస్తారు. అప్పుడు కొత్త ఐ-20, కొత్త సెవిస్ నంబరు, మళ్లీ 350 డాలర్ల సెవిస్ ఫీజు, పాత నంబరు పడిన వీసాతో ఏం చేయాలన్న ప్రశ్న. ముందే చెప్పి తేదీ మార్పించుకుంటే అదే సెవిస్ నంబరు కొనసాగుతుంది, ఫీజూ మళ్లీ కట్టక్కర్లేదు.

మెయిల్ సబ్జెక్ట్‌లో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు పేరు, సెవిస్ నంబరు, కోర్సు పేరు ఉండాలి. లోపల ఇంటర్వ్యూ తేదీ, ఇప్పటి స్టేటస్, వీసా వస్తే ఎన్ని రోజుల్లో బయల్దేరగలరు. తర్వాత మూడు ప్రశ్నలు: చేరడానికి ఆఖరి తేదీ ఏది? లేట్ అరైవల్ లెటర్ (ఆలస్యంగా చేరొచ్చని అనుమతిచ్చే లెటర్) ఇస్తారా? ఆ తేదీ దాటితే వచ్చే సెమిస్టర్‌కి డిఫర్ చేయడానికి (అడ్మిషన్ వాయిదా వేయించుకోవడానికి) ఎప్పటిలోగా అడగాలి? కష్టాల కథ అక్కర్లేదు, వాళ్లకు రోజూ ఇలాంటివి వందలు వస్తాయి. సాయంత్రం ఆరున్నరకు పంపితే, వేసవిలో న్యూయార్క్ వైపు ఆఫీసులు తెరిచే తొమ్మిది గంటలకు అందుతుంది.

డిపార్ట్‌మెంట్‌కి వేరుగా రాయండి. డీఎస్ఓ ఒప్పుకున్నా ల్యాబ్ ఉన్న కోర్సులో ప్రొఫెసర్ ఒప్పుకోకపోవచ్చు, కోర్సులు మార్చుకునే గడువు అయిపోయి ఉండొచ్చు. మీరు వచ్చేదాకా క్లాసులు ఇక్కణ్నుంచి ఆన్‌లైన్‌లో వినమని కొందరు ప్రొఫెసర్లు అంటారు. దాని వల్ల పాఠం దక్కుతుందేమో గానీ, అమెరికా చేరే గడువు పెరగదు.

7. రెండో వారం దాటుతుంటే డిఫర్ చేయడమే నయం

ఎంఎస్‌లో మామూలుగా సెమిస్టర్‌కి తొమ్మిది క్రెడిట్లు. మూడు వారాలు ఆలస్యంగా దిగి, ఇల్లు వెతుక్కుంటూ, నిద్ర వేళలు కుదరక, అప్పటికే వచ్చిపడిన అసైన్‌మెంట్లు చేస్తూ మొదటి జీపీఏ (గ్రేడ్ల సగటు) కాపాడుకోవడం చాలా కష్టం. ఒక సెమిస్టర్ పోతుందని బాధపడతారు గానీ, పాడైన జీపీఏ కోర్సు అంతా వెంటాడుతుంది.

అయితే స్ప్రింగ్‌లో (జనవరిలో మొదలయ్యే సెమిస్టర్) ఆ కోర్సుకి అడ్మిషన్ ఉందో లేదో ముందు కనుక్కోండి, కొన్నింటికి ఫాల్ (ఆగస్టులో మొదలయ్యేది) ఒక్కటే. స్కాలర్‌షిప్, అసిస్టెంట్‌షిప్ వచ్చే సెమిస్టర్‌కి కొనసాగుతాయన్న మాట మెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. కట్టిన ఫీజు వెనక్కిస్తారా, ఖాతాలోనే ఉంచుతారా అడగండి. హాస్టలో, అపార్ట్‌మెంటో లీజు రాసి ఉంటే అది యూనివర్సిటీ డిఫర్ చేసినంత మాత్రాన రద్దవదు, విడిగా మాట్లాడుకోవాలి.

బ్యాంకుకి కూడా కొత్త ఐ-20, డిఫర్ లెటర్ ఇచ్చి సాంక్షన్ గడువు పొడిగించుకోవాలి. బ్యాంకు ఇప్పటికే విడుదల చేసిన సొమ్ము మీద మీరు ఇంట్లో కూర్చున్నా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అందుకే వీసా రాకముందే సెమిస్టర్ ఫీజంతా కట్టేయకండి, డిపాజిట్ వరకు ఆపండి. టికెట్ కూడా అంతే, తేదీ మార్చుకునేది తీసుకోండి.

8. ప్రయాణంలోనూ దిగాకా

పాస్‌పోర్ట్, సంతకం పెట్టిన ఐ-20, సెవిస్ ఫీజు రసీదు, లేట్ అరైవల్ లెటర్, డీఎస్ఓ ఫోన్ నంబరు చేతి సంచిలో ఉండాలి. చెకిన్ లగేజీలో పెట్టారంటే ఆఫీసర్ అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. అబుదాబి మీదుగా వెళ్లే కొన్ని విమానాలకు అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. ఎందుకు ఆలస్యమైందంటే ‘వీసా పరిశీలన వల్ల, యూనివర్సిటీ ఈ తేదీ వరకు అనుమతిచ్చింది’ అని లెటర్ చూపించండి, చాలు. ఐ-20లో సంతకం లాంటి లోటు కనిపిస్తే ఐ-515ఏ అనే కాగితంతో 30 రోజులకు మాత్రమే లోపలికి పంపొచ్చు. అలాగైతే మర్నాడే డీఎస్ఓ దగ్గరికి వెళ్లండి.

దిగిన ఒకటి రెండు రోజుల్లో సీబీపీ వెబ్‌సైట్‌లో ఐ-94 తీసుకోండి. క్లాస్ ఎఫ్-1 అనే ఉండాలి. ఇన్నేళ్లుగా గడువు దగ్గర విద్యార్థులకు డీ/ఎస్ (చదువు సాగినంత కాలం ఉండొచ్చని) అని వేస్తూ వచ్చారు, 2025 ఆగస్టులో దాన్ని మార్చే ప్రతిపాదన వచ్చింది కాబట్టి మీకు తేదీ పడితే అది సరైనదేనా అని డీఎస్ఓకి చూపించండి. పొరపాటున బీ-2 (టూరిస్టు క్లాస్) అని పడినా, పేరు తప్పు పడినా దగ్గర్లోని సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో దిద్దుతారు. పాస్‌పోర్ట్, ఐ-20 తీసుకెళ్లాలి. ఇది అయ్యాకే సోషల్ సెక్యూరిటీ నంబరుకి అప్లై చేయండి, తప్పున్న ఐ-94తో వెళ్తే అక్కడా ఆగుతుంది. తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసులో చెకిన్ పూర్తి చేసి, అమెరికాలో మీరుండే అడ్రస్ ఇచ్చి, సెవిస్‌లో నమోదైందని వాళ్ల నుంచి మెయిల్ తీసుకోండి.