30-06 కేసును 35 వీలెన్‌గా మార్చడం ఎలా? ఆ రైఫిల్ మీదకి ఏ స్కోప్ కొనాలి?

30-06, 35 వీలెన్ రెండూ రైఫిల్ తూటాల రకాలు, కేసు అంటే తూటాలో మందు నింపే ఇత్తడి గొట్టం. ఇది అమెరికాలో లైసెన్సుతో వేటకు వెళ్తూ, తన రైఫిల్‌కు తానే తూటాలు తయారు చేసుకునేవాళ్ల కోసం. అక్కడ ఇది చట్టం ఒప్పుకున్న హాబీ. ఇండియాలో కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు చదివి ఊరుకోండి.

దక్షిణ టెక్సస్ రాంచ్‌లలో మనుబోతులు తిరుగుతున్నాయంటే అక్కడ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లే నమ్మరు. 1930 ప్రాంతంలో కింగ్ రాంచ్ వాళ్లు తెచ్చి వదిలారు, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. పెద్ద మగది పావు టన్ను తూగుతుంది. తోలు మందం, ప్రాణం గట్టిది. జింకకు సరిపోయే చిన్న రైఫిల్‌తో దాన్ని గాయపరిచి, ముళ్లపొదల్లో చీకటి పడేదాకా వెతికేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. నా లెక్కలో దానికి తగిన తూటా 35 వీలెన్.

ఇందులో పెద్ద మాయ లేదు. 30-06 కేసు మెడను 0.308 అంగుళాల బుల్లెట్ నుంచి 0.358 అంగుళాల బుల్లెట్ పట్టేలా వెడల్పు చేశారు, అంతే. 1922లో పుట్టింది. అమెరికా రైఫిల్ రచయిత కల్నల్ టౌన్సెండ్ వీలెన్ పేరు పెట్టారు. పనిలో ఎక్కువ భాగం జేమ్స్ హౌ అనే గన్‌స్మిత్‌దని (తుపాకులు కట్టేవాడిదని) కొందరంటారు, ఆ తగువు మనకెందుకు. 1988లో రెమింగ్టన్ ఫ్యాక్టరీ తూటాగా తెచ్చేదాకా, అరవై ఏళ్లకు పైగా అందరూ కేసులు ఇంట్లోనే చేసుకున్నారు. తూటాను వెనక నుంచి మూసి పట్టే బోల్ట్ ముఖం 30-06దే కాబట్టి మౌజర్ 98 యాక్షన్ (బోల్ట్ కదిలే యంత్రభాగం) మీదో రెమింగ్టన్ 700 మీదో బ్యారెల్ మార్పిస్తే రైఫిల్ తయారైపోతుంది.

"రెడీమేడ్ కేసులు దొరుకుతుంటే ఈ తిప్పలెందుకు?" అని అడుగుతారు. దొరుకుతాయి, స్టాక్ ఉన్నప్పుడు. అది పక్కన పెట్టండి. ఫ్యాక్టరీ కేసు లోకంలోని ప్రతి 35 వీలెన్ చాంబర్‌లోనూ, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోట, పట్టాలి, కాబట్టి దాన్ని కొంచెం పొట్టిగానే చేస్తారు. మీరు చేసుకునే కేసు మీ ఒక్క చాంబర్‌లో పడితే చాలు. గన్‌స్మిత్‌కు అంత డబ్బు పోసి రైఫిల్ కట్టించుకుని, ఊరందరి కొలతకు కుట్టిన చొక్కా తొడగడం నాకు నచ్చదు.

సామాను

ప్రెస్ (కేసును డైలోకి నెట్టే లివర్ యంత్రం), 35 వీలెన్ డై సెట్ (కేసుకు ఆకారం ఇచ్చే ఉక్కు అచ్చులు), 0.358, 0.375 టేపర్ ఎక్స్‌పాండర్లు (మెడను వెడల్పు చేసే కడ్డీలు), షెల్ హోల్డర్ (కేసు అడుగును పట్టేది), లూబ్ (జారుడు నూనె), ట్రిమ్మర్ (కేసు పొడవు కోసేది), నల్ల మార్కర్. ఏ కంపెనీవైనా ఒకటే. క్యాలిపర్ మీద, కేసు మెడ కింద వాలుగా ఉండే భుజాన్ని కొలిచే కంపారేటర్ మీద మాత్రం పిసినారితనం చేయకండి.

కేసులన్నీ ఒకే హెడ్‌స్టాంప్‌వి (అడుగున ఒకే కంపెనీ ముద్ర ఉన్నవి), బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో ఒక్కసారి పేలినవి అయి ఉండాలి. రేంజ్‌లో నేల మీద ఏరుకొచ్చినవి వద్దే వద్దు, అవి ఏ తుపాకీలో ఎన్నిసార్లు పేలాయో ఎవరికి తెలుసు? మిలిటరీ కేసులు కూడా వదిలేయండి. గోడ మందంగా ఉండి లోపలి చోటు తగ్గుతుంది, పైగా ప్రైమర్ (మందును రగిలించే చిన్న మూత) చుట్టూ నొక్కిన క్రింప్‌ను గీకాలి.

మెడ మెత్తబరచడం, వెడల్పు చేయడం

పాత ప్రైమర్ తీసేసి, కేసులు కడిగి ఆరబెట్టండి. ఒకసారి పేలిన ఇత్తడి మెడ దగ్గర గట్టిపడి ఉంటుంది, అలాగే సాగదీస్తే చీలుతుంది. అడుగు భాగాన్ని వేళ్లతో పట్టుకుని, మెడను టార్చ్ మంటలో కొద్ది సెకన్లు తిప్పండి. మసక గదిలో చేస్తే మెడ లీలగా ఎర్రబడటం మొదలవగానే కనిపిస్తుంది. అక్కడితో ఆపేయాలి. వేళ్లకు వేడి తగిలితే ఇంకా ముందే వదిలేయండి. కేసు అడుగు మెత్తబడితే అది ఇక తూటాకు పనికిరాదు, చెత్తబుట్టే.

చల్లారాక మెడ లోపల లూబ్ రాసి ముందు 0.358, తర్వాత 0.375 ఎక్స్‌పాండర్ ఎక్కించండి. ఆగకుండా ఒకే ఊపులో లివర్ లాగాలి. మెడ కాస్త వంకరగా వస్తే కంగారు పడొద్దు, మొదటిసారి పేలినప్పుడు సరిగ్గా అవుతుంది. చీలింది పారేయండి. కావలసింది 0.358 అయితే 0.375 దాకా ఎందుకు వెళ్లాలో ఇప్పుడు చెప్తాను. అందరూ పాడు చేసేది ఈ మలుపులోనే.

భుజం నిలబెట్టడం

30-06 కేసు భుజం ఒక్కో పక్క సుమారు 1.3 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మెడను 35కి పెంచాక మిగిలేది దాదాపు 0.7. తూటా చాంబర్‌లో ముందుకు జారకుండా ఆపేది ఆ కొంచెం భుజమే. అది ఉండాల్సిన చోటు కంటే వెనక్కి పోతే ఏమవుతుందో చూడండి. ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ దెబ్బకు కేసు ముందుకు జరుగుతుంది. మందు పేలగానే చదరపు అంగుళానికి దాదాపు 60,000 పౌండ్ల ఒత్తిడి పుడుతుంది. కేసు ముందు భాగం చాంబర్ గోడకు అతుక్కుపోతుంది, అడుగు మాత్రం వెనక్కి బోల్ట్ దాకా పోవాలి. మధ్యలో ఇత్తడి సాగి పల్చబడుతుంది. రెండో సారో మూడో సారో అక్కడే తెగి, మండే గ్యాస్ మీ ముఖం వైపు వస్తుంది. "వీలెన్‌తో హెడ్‌స్పేస్ (కేసు అడుగుకు, బోల్ట్‌కు మధ్య సందు) గొడవ" అని ఈ తూటా మీద నింద వేస్తారు గానీ, చాలావరకు నింద పడాల్సింది డై తిప్పిన చేతి మీద.

డైతో వచ్చే కాగితం ఏమంటుంది? షెల్ హోల్డర్‌కు తగిలేదాకా డైని దించి, ఇంకాస్త తిప్పి బిగించమంటుంది. ఏ రైఫిల్‌లోనైనా పట్టే కేసు కావాలంటే ఆ పద్ధతి సరే. ఇక్కడ ఆ కాగితాన్ని చదవకుండా మడిచి పెట్టెలో పెట్టేయండి.

0.375కి సాగిన మెడను 35 డై పైనుంచి కిందికి మళ్లీ సన్నం చేసుకుంటూ వస్తుంది. డైని పూర్తిగా దించకుండా ముందే ఆపితే, మెడ మొదట్లో ఒక చిన్న మెట్టు మిగులుతుంది. వేలు గోరుతో తడిమితే తెలుస్తుంది. ఆ మెట్టే మీ కొత్త భుజం. అది చాంబర్ భుజాన్ని తాకి కేసును వెనక్కి, బోల్ట్‌కు ఆనించి ఉంచుతుంది. ముందు జరగడానికి చోటే ఉండదు.

ఎక్కడ ఆపాలో డై చెప్పదు, మీ చాంబర్ చెప్తుంది. ముందుగా బోల్ట్ లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ (పేలిన కేసును బయటికి తోసే పిన్) తీసేయండి. స్ప్రింగుల బిగువు ఉంటే చేతికి ఏమీ తెలియదు. కేసులో ప్రైమర్, మందు ఏవీ ఉండకూడదు. డైకి, షెల్ హోల్డర్‌కు మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచి ఒక కేసు సైజ్ చేయండి. లూబ్ తుడిచి చాంబర్‌లో పెట్టి బోల్ట్ మూయండి. మూసుకోదు. మూసుకోకూడదు కూడా.

ఇప్పుడు డైని అర చుట్టు దించండి. మళ్లీ సైజ్, మళ్లీ చాంబర్. డై మరలు అంగుళానికి 14, అంటే ఒక పూర్తి చుట్టు 1.8 మిల్లీమీటర్లు. బోల్ట్ హ్యాండిల్ కాస్త కిందికి రావడం మొదలవగానే చుట్టులో ఎనిమిదో వంతుకు మారండి. సగం దాటి వచ్చాక ఇంకా తగ్గించండి, ముప్పై రెండో వంతు అంటే 0.06 మిల్లీమీటర్ కంటే తక్కువ. ఓపిక లేకపోతే ఆ రోజుకు మానేసి టీ తాగండి. ఇక్కడ తొందరపడి ఒక్కసారి ఎక్కువ తిప్పితే ఆ కేసు పోయినట్టే, డైని పైకి తిప్పితే భుజం తిరిగి రాదు.

కావలసిన స్పర్శ ఇది: హ్యాండిల్ చివరి పావు వంతులో రెండు వేళ్లకు మెత్తటి అడ్డు తగలాలి, కానీ అరచేత్తో కొట్టాల్సిన పని రాకూడదు. అడ్డు నిజంగా భుజం దగ్గరే ఉందా? మెట్టు మీద మార్కర్‌తో నల్లగా పూసి మళ్లీ మూయండి. చుట్టూ ఒకే తీరుగా మెరుగు పడితే సరే. మెడ మీద గానీ కేసు పొట్ట మీద గానీ గీత పడితే బోల్ట్ వేరే చోట ఆగుతోందన్న మాట, డైని ముట్టుకోకుండా ముందు అది చూడండి.

లాక్ రింగ్ బిగించి, ఆ కేసును కంపారేటర్‌తో కొలిచి అంకె రాసిపెట్టుకోండి. ఇంకో లాట్ కేసులు తీస్తే మళ్లీ మొదటి నుంచి. ఒక్కో లాట్ ఇత్తడి ఒక్కో రకంగా వెనక్కి తన్నుతుంది.

మిగతాది తేలిక. పొడవు 2.494 అంగుళాలు దాటకుండా ట్రిమ్ చేయండి, అంచులు నునుపు చేయండి. మందు అంకెలు నేను ఇవ్వను, అచ్చైన లోడింగ్ మాన్యువల్‌లో 35 వీలెన్‌కు ఇచ్చిన స్టార్టింగ్ లోడ్‌తోనే మొదలుపెట్టండి. పేలిన కేసు లోపలికి కొస వంచిన సన్న తీగ దింపి అడుగుకు కాస్త పైన గోడను గీకి చూడండి. గాడి తగిలితే మీ భుజం సరిగ్గా కూర్చోలేదు, ఆ లాట్ అంతా పక్కన పెట్టండి. తర్వాతి సైజింగ్‌లో భుజాన్ని 0.03 నుంచి 0.05 మిల్లీమీటర్ మాత్రమే వెనక్కి నెట్టాలి.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో 35 వీలెన్ అని రాయండి. కేసు అడుగున ఇంకా 30-06 అనే ఉంటుంది. అసలు 30-06 తూటా ఈ చాంబర్‌లో దూరుతుంది, పేలుతుంది కూడా. ఈ రెండు రకాలూ ఒకే బ్యాగులో తీసుకెళ్లకండి.

స్కోప్

250 గ్రెయిన్ల బరువు బుల్లెట్ వేసే రైఫిల్ మీద 6-24 (ఆరు నుంచి ఇరవై నాలుగు రెట్లు పెద్దగా చూపే) స్కోప్ పెట్టేవాళ్లను నేను ఆపలేను గానీ, ఎందుకో నాకు అర్థం కాదు. ఇది 250 గజాల లోపు రైఫిల్. పొదల్లోంచి మనుబోతు 60 గజాల్లో లేచి పరిగెడితే 6 పవర్‌లో కనిపించేది గోధుమరంగు వెంట్రుకలే. 2-7 చాలు, ముందు అద్దం 33 మిల్లీమీటర్లు, ఒక అంగుళం ట్యూబ్, మామూలు డ్యూప్లెక్స్ గీతలు (అంచుల్లో లావు, మధ్యలో సన్నం).

"అద్దం పెద్దదైతే వెలుతురు ఎక్కువ" అని షాపులో 50 మిల్లీమీటర్లది అంటగడతారు. లెక్క చూడండి. అద్దం కొలతను పవర్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వెడల్పు వస్తుంది. 33ను 5తో భాగిస్తే 6.6. మసకలో మన కంటిపాప తెరుచుకునేదే 5 నుంచి 7, నలభై దాటాక ఇంకా తక్కువ. అంతకు మించింది కంట్లోకి పోదు. 50 అద్దానికి మాత్రం ఎత్తు రింగులు కావాలి, చెంప స్టాక్ మీంచి లేచిపోతుంది.

డబ్బు పెట్టాల్సింది ఐ రిలీఫ్ మీద, అంటే కంటికి, స్కోప్‌కు మధ్య ఉండే దూరం మీద. అన్ని పవర్‌లలోనూ కనీసం 3.5 అంగుళాలు ఉండాలి, 4 ఉంటే ఇంకా మేలు. ఈ రైఫిల్ గట్టిగా తంతుంది. కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారం మచ్చ ఉన్నవాడిని ఏ స్కోప్ కొన్నావని అడగండి.

అమర్చేటప్పుడు పవర్‌ను చివరిదాకా పెంచి, వేటకు వేసుకునే జాకెట్‌తోనే రైఫిల్ భుజానికి ఎత్తండి. కళ్లు మూసుకుని ఎత్తి, తర్వాత తెరవండి. నల్లటి అంచు లేకుండా పూర్తి బొమ్మ కనిపించేదాకా స్కోప్‌ను జరపండి. తర్వాత పడుకుని ఒకసారి చూడండి, పడుకుంటే కన్ను ముందుకు వస్తుంది. రింగుల స్క్రూలు 15 నుంచి 18 అంగుళం పౌండ్లు, ఎదురెదురుగా కొంచెం కొంచెం, టార్క్ రెంచ్‌తో. చేతి అంచనాతో బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోతుంది.

జీరో (గురి పెట్టిన చోటే తూటా పడేలా సర్దడం) కోసం ముందు 25 గజాల్లో కాగితం మీద పడేలా చూసి, తర్వాత 100 గజాల్లో గురికి రెండున్నర అంగుళాల పైన పెట్టండి, 200 దగ్గర దాదాపు గురి మీదే పడుతుంది. పావు నిమిషం (కోణం కొలత, టైం కాదు) క్లిక్ అయితే 100 గజాల్లో నాలుగు క్లిక్‌లు ఒక అంగుళం. మూడు తూటాలు కాల్చి బ్యారెల్ చల్లారనివ్వండి, ఒక్క తూటా చూసి క్లిక్ తిప్పకండి.