బెలూన్‌లో ఖండం దాటాలంటే ముందు రాత్రుల లెక్క వేసుకోండి

బెలూన్‌లో ఖండం దాటాలని ఉందనేవాళ్ళు మొదట అడిగేది బెలూన్ ఎంత పెద్దది కావాలి అని. అది తర్వాత చూద్దాం. ముందు ఎన్ని రాత్రులు గాల్లో గడపాలో లెక్క వేయండి, ఎందుకంటే ఈ ప్రయాణంలో మోసుకెళ్ళిన సరుకు ఎక్కువగా ఖర్చయ్యేది రాత్రిపూటే.

ఆస్ట్రేలియానే తీసుకోండి. 1993 జూన్‌లో డిక్ స్మిత్, జాన్ వాలింగ్టన్ పడమటి తీరంలోని కార్నార్వన్‌లో బయలుదేరి, మధ్యలో ఉన్న ఎడారి అంతా దాటుకుని, న్యూ సౌత్ వేల్స్‌లో టబులం దగ్గర దిగారు. సుమారు 40 గంటలు పట్టింది. ఆ ఖండాన్ని బెలూన్‌లో దాటడం అదే మొదటిసారి. జూన్ ఎందుకంటే అక్కడ అది చలికాలం, పైన పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ అప్పుడు బలంగా ఉంటుంది. మీరూ అంతే, ముందు గాలి ఎటు పోతుందో చూసి, ఆ తర్వాతే బయలుదేరే ఊరు, నెల ఖాయం చేసుకోండి. సెలవు మాత్రం రెండు మూడు వారాలు ఎక్కువే పెట్టండి, వాతావరణం కుదిరేదాకా కూర్చోవాల్సి వస్తుంది.

ఇక బెలూన్. పండగల్లో కనిపించే హాట్ ఎయిర్ బెలూన్ దీనికి పనికిరాదు. ఒక క్యూబిక్ మీటరు వేడిగాలి పావుకిలోకి కాస్త అటూ ఇటూగా మోస్తే, అంతే హీలియం దాదాపు కిలో మోస్తుంది. పైగా బుట్టలో పట్టే ప్రొపేన్, అంటే బర్నర్‌లో మండించే గ్యాస్, మామూలుగా రెండు మూడు గంటలకే సరిపోతుంది. పోనీ హీలియం ఒక్కటే నింపుకుందామా అంటే, పగలు ఎండకి గ్యాస్ వ్యాకోచించి కొంత బయటికి పోతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది, బెలూన్ దిగిపోతుంటే బరువు కోసం మోసుకెళ్ళిన ఇసుక పారబోసి ఎత్తు నిలబెట్టుకోవాలి. మర్నాడు మళ్ళీ ఎండ, మళ్ళీ గ్యాస్ నష్టం. ఇసుక అయిపోతే ప్రయాణం అయిపోయినట్టే.

అందుకే రోజియే బెలూన్ ఎంచుకోండి, స్మిత్ వాళ్ళు వాడిందీ అదే. పైన హీలియం, కింద వేడిగాలి. రాత్రి అప్పుడప్పుడూ బర్నర్ వెలిగిస్తే చాలు, ఇసుక మిగులుతుంది. ఈ పద్ధతికి పేరిచ్చిన పిలాత్ర ద రోజియే 1785లో హైడ్రోజన్ కింద మంట పెట్టుకుని ఇంగ్లిష్ చానెల్ దాటబోయి తోటివాడితో సహా చనిపోయాడు. హీలియం మండదు కాబట్టి ఇప్పుడు ఆ భయం లేదు.

బెలూన్‌కి స్టీరింగ్ ఉండదు. ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకి పోతుంటుంది, మీకు కావలసిన దిక్కు ఏ ఎత్తులో దొరుకుతుందో కింద ఉన్న వాతావరణ నిపుణుడు చెప్తుంటే అక్కడికి ఎక్కాలి, లేదా దిగాలి. 1897లో స్వీడన్‌కి చెందిన ఆంద్రే ఉత్తర ధ్రువానికి బయలుదేరుతూ నేల మీద ఈడ్చే తాళ్ళతో బెలూన్‌ని తిప్పొచ్చని నమ్మాడు. బయలుదేరిన కాసేపటికే ఆ తాళ్ళలో చాలా భాగం ఊడిపోయింది. అతనూ, తోటివాళ్ళిద్దరూ మంచులో దిగి చనిపోయారు, వాళ్ళ అవశేషాలు 1930లో గానీ దొరకలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు భారమైపోతుంది.

పైకి వెళ్తే ఆక్సిజన్. మూడు వేల మీటర్లు దాటగానే మాస్క్ పెట్టేసుకోండి, ఆయాసం వచ్చేదాకా ఆగొద్దు, ఎందుకంటే ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు మనిషికి హాయిగానే ఉంటుంది. 1875లో ఫ్రాన్స్‌లో జెనిత్ బెలూన్‌లో ఎనిమిది వేల మీటర్లు దాటిన ముగ్గురిలో ఇద్దరు అలాగే పోయారు, ఆక్సిజన్ సంచులు పక్కనే ఉన్నా.

సరిహద్దులు దాటేటట్టయితే ప్రతి దేశం అనుమతీ చేతిలో ఉండాలి. ఉన్నా రేడియోలో మాట్లాడుతూనే ఉండండి. 1995లో పోటీలో ఉన్న ఒక బెలూన్‌ని బెలారస్ సైన్యం కూల్చేసింది, ఇద్దరు అమెరికన్లు చనిపోయారు.

దిగడానికి కొంత ఇసుక, కొంత ప్రొపేన్ ముట్టుకోకుండా దాచండి. నడిమధ్యాహ్నం వద్దు, నేల కాగి గాలి ఎగదన్నుతుంది. తెల్లవారాక తొలి గంటల్లో దిగండి. కరెంటు తీగలు కనిపిస్తే వాటి మీదుగా ఎలాగోలా దాటేద్దామని చూడొద్దు, ఇంకో పొలం వెతుక్కోండి. నేల తగిలేముందు మోకాళ్ళు కాస్త వంచి, బుట్ట లోపలి పిడులు గట్టిగా పట్టుకోండి. బుట్ట పక్కకి ఒరిగి కొంత దూరం ఈడ్చుకుపోయినా పైలట్ చెప్పేదాకా ఎవరూ బయటికి దూకకూడదు, ఒక మనిషి బరువు తగ్గితే చాలు, మిగిలినవాళ్ళతో బెలూన్ మళ్ళీ పైకి లేస్తుంది.