బండి ముందుభాగం దించడం, 4వ పాఠం: క్యాంబర్ కొలిచే ముందు బండిని దొర్లించండి

పోయిన పాఠం చదివి బండి దించినోళ్ళంతా ఫోన్ చేసి ఒకటే మాట, "అన్నా, చక్రాలు పైన లోపలికి వాలినాయి, టైరు లోపలి అంచు తినేస్తాంది" అని. వాలతాయప్పా. చక్రాన్ని ఫ్రేమ్‌కి పట్టించే రెండు ఆర్ముల్లో పై ఆర్మ్ పొట్టిది, కింది ఆర్మ్ పొడుగుది, బండి దిగేకొద్దీ పొట్టిది చక్రం తలని లోపలికి గుంజుతాది, అదే నెగెటివ్ క్యాంబర్. టోర్షన్ బార్ (స్ప్రింగు బదులు మెలితిరిగి బరువు మోసే కడ్డీ) బోల్టు తిప్పి ఒక అంగుళం దించమంటే మూడు దించి బంప్ స్టాప్ (ఆర్మ్ ఫ్రేమ్‌కి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) మీద కూర్చోబెట్టినోళ్ళు ముందు పైకి లేపుకోని రండి.

స్టాండ్లు, వెనక చక్రాలకి అడ్డం రాళ్ళు, ఇవి మళ్ళీ చెప్పను. కాకపోతే మన షెడ్లలో నేలకి కడప బండలే కదా, కింద ఇసుక జారిన చోట జాక్ పెడితే పటుక్కున పగులుతాది. సుత్తితో తట్టండి, డొల్లగా మోగితే ఆడ వద్దు.

ఇంక నన్ను విసిగించిన సంగతి. ప్రొద్దుటూరు తమ్ముడొకడు షిమ్ (పై ఆర్మ్ బోల్టు దగ్గర పెట్టే పల్చటి రేకు) మార్చి కొలిస్తే సరిగ్గా ఉండాదంట, బజారు దాకా పోయొచ్చి కొలిస్తే ఒక డిగ్రీ తేడా, ఇంకో షిమ్ మార్చినాడు, మళ్ళీ తేడా. షిమ్ ఏం చేస్తాది పాపం! జాక్ మీద లేపినప్పుడు చక్రాలు వేలాడి ఒకదానికొకటి దగ్గరవుతాయి, దించినాక టైరు నేలని కరుచుకోని పక్కకి జరగదు, బండి దిగాల్సినంత దిగదు. అప్పుడు కొలిస్తే వచ్చేది దొంగ లెక్క. బంపర్ పట్టుకోని నాలుగుసార్లు ఊపండి, పది అడుగులు ముందుకి, పది అడుగులు వెనక్కి చేత్తో తోయండి, లోపల ఎవురూ కూర్చోవద్దు, ఒకరు బయట నడుస్తా కిటికీలోంచి స్టీరింగ్ పట్టుకుంటే చాలు. చోటు లేకపోతే నేను చేసేది, యూరియా సంచి ముక్కలు రెండు, మధ్యలో గ్రీసు, ఒక్కో టైరు కింద ఒక్కో జత. చూస్తాండగానే టైరు జారి బండి సర్దుకుంటాది.

కొలత మేస్త్రీ గుండుతోనే, డిజిటల్ గేజీ నాకు నచ్చదు. చక్రం బయట వేలాడే గుండు దారం నుంచి రిమ్ పై అంచుకి, కింది అంచుకి దూరం చూడండి. ఆ రెండు చోట్ల మధ్య 400 మి.మీ. ఉంటే, పైన 7 మి.మీ. ఎక్కువ వచ్చిందంటే ఒక డిగ్రీ లోపలికి వాలినట్టు. నేల వాలు ముందే లెవెల్ పైపుతో చూసుకోండి, నీళ్ళు పోవాలని బండలు ఒక పక్కకి వాలుగానే పరుస్తారు.

షిమ్‌ల విషయానికొస్తే, ఫ్రేమ్ స్టాండ్ మీద, కింది ఆర్మ్ కింద జాక్, పై ఆర్మ్ నట్లు వదులు చేయండి గానీ పూర్తిగా ఊడదీయొద్దు. పై ఆర్మ్ బయటికి జరగాల. కొన్ని బండ్లలో దానికి షిమ్ తీయాల, కొన్నిట్లో వేయాల, మీ బండి చూసుకోండి. రెండు బోల్టుల దగ్గరా సమానంగా మార్చండి, లేదంటే క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) చెడుతాది. ఆఖర్న టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగుండడం), అది అలైన్‌మెంట్ షాపులోనే. అన్నట్టు టైరు ఈకలీకలుగా అరిగింటే తప్పు టోది, క్యాంబర్ని తిట్టొద్దు.

అభ్యాసం: స్పానర్ ముట్టకుండా ఒకే చక్రాన్ని ఆరుసార్లు కొలవండి, ప్రతిసారీ లేపి, దించి, ఊపి, తోసి. ఆరూ ఒక మి.మీ. లోపల వస్తేనే షిమ్ మీద చెయ్యేయండి.