మొక్క కణాన్ని చదవడం – 5వ పాఠం: పెరిగిందా, మిగిలిందా?

గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నతోనే మొదలుపెడదాం. వేడి తగిలిన ఆకులో ఒక ప్లాస్టిడ్ (హరితరేణువు, దాని వంటి కణాంగాలు) చాపెరోన్ మోతాదు రెట్టింపయినట్లు ప్రోటీన్ బ్లాట్ (ఒక ప్రోటీన్ ఎంత ఉందో చూపే పరీక్ష) చూపిస్తే, దాని జన్యువు ఎక్కువగా పనిచేసిందని చెప్పవచ్చా అని అడిగాను. చెప్పకూడదు. తొట్టిలో నీరు పెరిగిందంటే కుళాయి ఎక్కువగా తిప్పి ఉండవచ్చు, లేదా అడుగున తూము పూడుకుపోయి ఉండవచ్చు. నీటిమట్టం ఒక్కటే చూసినవారికి ఈ రెంటిలో ఏది జరిగిందో తెలియదు. ఈ రెంటినీ విడదీసి చూడటమే నేటి అభ్యాసం.

ముందుగా చాపెరోన్ అంటే ఏమిటో మరొకసారి గుర్తు చేసుకుందాం. పెళ్లిపీటల దాకా వెంట నడిచి, పీటల మీద మాత్రం కూర్చోని తోడిపెళ్లికూతురి వంటిది ఈ ప్రోటీన్: మరొక ప్రోటీన్ సరిగా మడతపడేందుకు సాయం చేస్తుంది గాని, తయారైన నిర్మాణంలో తాను భాగం కాదు. 1980లో ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయంలో బరాక్లో, ఎల్లిస్ అనే శాస్త్రవేత్తలు బఠానీ హరితరేణువులను విడదీసి చూసినప్పుడు, కొత్తగా తయారైన రుబిస్కో (కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమ్) పెద్ద ఉపభాగాలు తమ సమూహంలో చేరకముందు వేరొక పెద్ద ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉండటం గమనించారు. ఆ ప్రోటీన్ బాక్టీరియాలోని గ్రోఈఎల్ అనే చాపెరోన్‌కు బంధువని 1988లో తేలింది.

మన ప్రశ్నకు కీలకమైన విషయం చిరునామా. హరితరేణువుకు సొంత డీఎన్‌ఏ ఉన్నా, అందులో ప్రోటీన్లకు సంబంధించిన జన్యువులు సుమారు 80 మాత్రమే. హెచ్‌ఎస్‌పీ70, క్లిప్‌బీ3, హెచ్‌ఎస్‌పీ21 వంటి చాపెరోన్ల జన్యువులు మొక్కల్లో కేంద్రకంలో ఉంటాయి. ఆ ప్రోటీన్లు కణద్రవంలోని రైబోజోముల మీద తయారై, తరువాత ప్లాస్టిడ్‌లోకి దిగుమతి అవుతాయి. కనుక ఇబ్బంది ప్లాస్టిడ్‌లో పుట్టినా, సాయం పంపవలసింది కేంద్రకమే. లోపలి నుంచి అక్కడికి కబురు వెళ్లాలి.

ఇక అసలు ఉదాహరణకు వద్దాం. ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కకు లింకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, ప్లాస్టిడ్ రైబోజోములు బాక్టీరియా రైబోజోములను పోలినవి కావడంతో అవి ఆగిపోతాయి. కణద్రవంలోని రైబోజోములు మాత్రం యథావిధిగా పనిచేస్తాయి. అప్పుడు ప్లాస్టిడ్‌లో క్లిప్‌బీ3 పెరుగుతుంది. ఇది కేంద్రకం పంపిన సాయమేనని వెంటనే రాసేయాలనిపిస్తుంది. తొందరపడవద్దు. చెడిన ప్రోటీన్లను ముక్కలు చేసే క్లిప్ ప్రోటియేజ్‌లోని ఒక ముఖ్య భాగం, క్లిప్‌పీ1, ప్లాస్టిడ్ డీఎన్‌ఏ నుంచే తయారవుతుంది. లింకోమైసిన్ దాని తయారీని కూడా ఆపుతుంది. ముక్కలు చేసే యంత్రమే మందగించినప్పుడు క్లిప్‌బీ3 కేవలం నశించక మిగిలిపోయి ఉండవచ్చు కదా? తూము పూడుకుపోయే అవకాశం ఇక్కడ నిజంగానే ఉంది.

అందుకే జన్యువు పనిచేసినప్పుడు తయారయ్యే దాని నకలు, ఎంఆర్‌ఎన్‌ఏ, కొలవాలి. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో అలా కొలిచినప్పుడు, లింకోమైసిన్ ఇచ్చిన మొక్కల హరితరేణువుల్లో గడ్డకట్టిన ప్రోటీన్లు త్వరగా పెరిగాయని, దానితో పాటు క్లిప్‌బీ3, మరికొన్ని ప్లాస్టిడ్ చాపెరోన్ల కేంద్రక జన్యువుల వ్యక్తీకరణ కూడా పెరిగిందని తేలింది. అంటే కుళాయి నిజంగానే తిరిగింది. దాన్ని తిప్పినది హెచ్‌ఎస్‌ఎఫ్‌ఏ2 అనే ఉష్ణాఘాత నియంత్రక ప్రోటీన్ కావచ్చని ఆ పరిశోధకులు భావించారు. ప్లాస్టిడ్ కబుర్లన్నిటికీ కూడలిగా పేరుపడ్డ గన్1 అనే ప్రోటీన్ లేని మొక్కల్లోనూ ఈ స్పందన కనిపించడం నాకు ఆ పత్రంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించిన అంశం: పేరున్న దారి మూసినా కబురు చేరిందంటే మరొక దారి ఉన్నట్లే. (ఎంఆర్‌ఎన్‌ఏ పెరగడంలోనూ ఇదే చిక్కు ఉంది, అదీ ఎక్కువ కాలం నిలిచి ఉండవచ్చు, ఆ విషయం తరువాతి పాఠానికి వదిలేస్తున్నాను.)

తూము వైపు ఉదాహరణ హెచ్‌ఎస్‌పీ21. ఒకసారి మితమైన వేడికి అలవాటుపడిన అరాబిడాప్సిస్ మొక్క, కొన్ని రోజుల తరువాత వచ్చే తీవ్రమైన వేడిని తట్టుకుంటుంది. ఈ ఉష్ణ జ్ఞాపకానికి హెచ్‌ఎస్‌పీ21 ప్లాస్టిడ్‌లో నిలిచి ఉండటం తోడ్పడుతుంది. జర్మనీ పరిశోధకులు 2016లో చూపిన ప్రకారం, ఎఫ్‌టీఎస్‌హెచ్6 అనే ప్లాస్టిడ్ ప్రోటియేజ్ ఈ ప్రోటీన్‌ను క్రమంగా తొలగిస్తుంది. ఆ ప్రోటియేజ్ లేని మొక్కల్లో హెచ్‌ఎస్‌పీ21 ఎక్కువ రోజులు ఉండి, జ్ఞాపకం కూడా మెరుగుపడింది. ఇక్కడ మొదటి గంటల పెరుగుదలకు జన్యువు కారణమైతే, తరువాతి రోజుల నిలకడను తొలగింపు వేగం నిర్ణయిస్తుంది. ఒకే ప్రోటీన్‌కు వేర్వేరు వేళల్లో వేర్వేరు జవాబులు వస్తాయి కనుక, ఒక్క సమయంలో తీసిన బ్లాట్‌ను నమ్మి నియంత్రణ గురించి మాట్లాడేవారిని నేను నమ్మను.

తూమును నేరుగా కొలిచే పద్ధతి కూడా ఉంది. సైక్లోహెక్సిమైడ్ అనే మందుతో కణద్రవంలోని రైబోజోములను ఆపి, ఆపైన కొన్ని గంటల పాటు నమూనాలు తీస్తూ పోతే, కొత్త సరఫరా లేనప్పుడు పాత ప్రోటీన్ ఎంత వేగంగా తరుగుతుందో తెలుస్తుంది. అయితే అదే మందు ప్రోటియేజ్‌ల కొత్త తయారీని కూడా ఆపుతుందని మరవకూడదు.

ఇప్పుడు మీ వంతు. ఈ అంకెలు అభ్యాసం కోసం కల్పించినవి. సాధారణ మొక్కలో వేడికి ముందు ఒక చాపెరోన్ ఎంఆర్‌ఎన్‌ఏ 1, ప్రోటీన్ 1 అనుకోండి. 2 గంటలకు అవి 12, 3 అయ్యాయి. 24 గంటలకు 1, 6. 72 గంటలకు 1, 5. ఒక ఉత్పరివర్తన (ఏదో ఒక జన్యువు మారిన) మొక్కలో ఎంఆర్‌ఎన్‌ఏ అంకెలన్నీ ఇవే, 24 గంటల దాకా ప్రోటీన్ కూడా ఇంతే. 72 గంటలకు మాత్రం ప్రోటీన్ 2. ఈ మొక్కలో ఏమి మారి ఉండవచ్చో రెండు ఊహలు రాయండి. ఆ రెంటిలో ఒకదాన్ని కొట్టివేయడానికి ఎటువంటి మూడవ మొక్కను పెంచమని అడుగుతారో కూడా రాయండి.