క్యాటరింగ్‌కు బ్యాంకు లోన్ – 3వ పాఠం: ఎంత అడగాలి?

ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు), ఆహార భద్రత రిజిస్ట్రేషన్లు రెండో పాఠంలో పూర్తయ్యాయి. ఇక బ్యాంకుకు వెళ్తే మేనేజర్ మొదట అడిగేది "ఎంత కావాలి?" అని. చాలామంది "ఎంత ఇస్తారు సార్?" అంటారు. దయచేసి ఆ మాట అనకండి. ఎంత కావాలో మీ లెక్కే చెప్పాలి.

ముందు చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర లోన్ సంగతి. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకంలో 50 వేల వరకు శిశు, ఆపైన 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. తాకట్టు అక్కర్లేదు. ప్రభుత్వ గ్యారంటీ ఉంది కదా, కట్టకపోయినా ఏమీ కాదని కొందరు చెబుతారు. నమ్మవద్దు. ఆ గ్యారంటీ బ్యాంకుకు, మనకు కాదు. బాకీ మన పేరుమీదే ఉంటుంది, అప్పులు ఎలా కడుతున్నామో చూపే సిబిల్ స్కోరూ పడిపోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. పోయిన ఏడాది సప్లయర్స్‌కు కట్టిన అద్దె బిల్లులన్నీ తీయండి. కడపలో ఒకరు ఏడాదికి 30 ఫంక్షన్లు చేస్తూ, గుండిగలు, బాణళ్లు, పొయ్యిలు, గ్రైండర్ కోసం ఒక్కో ఫంక్షన్‌కు 3,000 అద్దె కడుతున్నారనుకుందాం. ఏడాదికి 90,000. అవే సామాన్లు కొంటే 2 లక్షలవుతుందనుకోండి. 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు నెల వాయిదా సుమారు 4,350, అంటే ఏడాదికి 52,200. అద్దె కంటే తక్కువే కాబట్టి ఈ లోన్ అడగవచ్చు. వెయ్యి మందికి సరిపడే ప్లేట్లు, బఫే స్టాండ్లు ఏడాదికి రెండుసార్లే వాడితే మాత్రం అద్దెకే తెచ్చుకోండి. బియ్యం, నూనె, పొట్టేలు మాంసానికి పార్టీ ఇచ్చే అడ్వాన్స్ ఉంటుంది. ఐదేళ్ల అప్పును వాటికి ఖర్చు పెట్టకూడదు.

ఇక్కడితో లెక్క అయిపోయిందనుకోవద్దు. వాయిదా ప్రతి నెలా వస్తుంది, పెళ్లిళ్లు రావు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢం. ముస్లింల పెళ్లిళ్లకు మూఢం అడ్డు కాదు గానీ రంజాన్, మొహర్రం నెలల్లో అవీ తగ్గుతాయి. అందుకే మీ పుస్తకంలో పన్నెండు నెలలూ రాసి, ఒక్కో నెలకు ఎదురుగా ఖర్చులు పోను మిగిలింది వేయండి. ఖాళీ నెలలు మూడుంటే 13,050 రూపాయలు శ్రావణం, మాఘం సంపాదనలోంచే పక్కన పెట్టాలి. అలా పెట్టలేమనిపిస్తే అడిగే మొత్తం తగ్గించండి. నా దృష్టిలో ఈ పాఠంలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు. మొదటి వాయిదా సీజన్‌లో మొదలయ్యేలా చూడమని మేనేజర్‌ను అడగడానికీ మొహమాటపడకండి.

కొత్తగా మొదలుపెట్టేవారు పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) కూడా చూడాలి. సేవా రంగంలో 20 లక్షల ప్రాజెక్టు వరకు సబ్సిడీ వస్తుంది. జనరల్ వర్గానికి పట్టణంలో 15 శాతం, పల్లెలో 25. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు పట్టణంలో 25, పల్లెలో 35. ఆ డబ్బు వెంటనే చేతికి రాదు, మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో జమవుతుంది. వివరాలకు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి, దళారి అవసరం లేదు.

వచ్చే పాఠంలో కొటేషన్లు తీసుకుందాం. ఆలోపు అద్దె బిల్లుల మొత్తం, పన్నెండు నెలల పట్టిక సిద్ధం చేసుకోండి.