సైన్స్ ఫేర్‌కు సముద్రపు బల్లపరుపు పురుగు మోడల్ ఎలా చేయాలి?

మా నల్లగొండ పిల్లలతో ఈ మోడల్ చాలా ఏళ్లుగా చేయిస్తున్నాను. ప్రతిసారీ ఎవరో ఒకరు దూది కుక్కిన దిండు తెచ్చి బల్ల మీద పెడతారు. పగడపు దిబ్బల మీద పాకే ఈ జీవికి (ఇంగ్లీషులో ఫ్లాట్‌వార్మ్) మొప్పలు లేవు, రక్తం లేదు. ఒంటి మీది చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది, అందుకే అంత పలచన. దూది పెట్టారంటే పాఠమే తప్పినట్టు.

పాత నల్ల టీషర్టు, మెరూన్ దారం, సన్నటి గాలం దారం, తెలుపు, నారింజ, గులాబీ ఫ్యాబ్రిక్ రంగులు చాలు. కొత్త బట్ట వద్దు, ఉతికి మెత్తబడిందే ఒదిగి వాలుతుంది. మనం చేసేది వీటిలో సూడోబైసెరాస్ గ్లోరియోసస్ అనే జాతి. నల్లటి ఒళ్లు, అంచు చుట్టూ నారింజ, గులాబీ, ముదురు ఎరుపు పట్టీలు. చుక్కలుండే జాతుల మోడల్ మొదటిసారే మొదలుపెట్టకండి.

జానెడు పొడవున కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించండి. టీషర్టు అడ్డంగా ఎక్కువ సాగుతుంది, కాబట్టి పురుగు పొడవు ఆ అడ్డానికే రావాలి.

ఇక అంచు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. సూదితో కుచ్చు లాగుతారు. కుచ్చు లాగితే అంచు పొడవు తగ్గి, బట్ట సంచిలా ముడుచుకుంటుంది. మనకు కావాల్సింది దానికి పూర్తిగా ఎదురు: ఒంటి కన్నా అంచు పొడవు పెరగాలి, అప్పుడే అలలు లేస్తాయి. బతికున్న పురుగు ఈదేది కూడా ఆ అంచును అలలా ఊపుతూనే.

అందుకని చీరలకు పీకో చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. నేను క్లాక్ టవర్ వైపు వెళ్తాను. అంచు లోపల గాలం దారం పెట్టి, పైన మెరూన్ దారంతో కుట్టించాలి. పక్కనే నిలబడి "అక్కా, గుంజి పట్టి కుట్టు" అని చెబుతూనే ఉండాలి. చీర అంచు అలలు తిరిగితే వాళ్లకు తప్పు, అందుకే చెయ్యి అలవాటుగా తిన్నగా పోతుంది. సూదికి ముందూ వెనకా రెండు చేతులతో సమానంగా గుంజాలి. వెనక నుంచి మాత్రమే లాగితే సూది వంగి విరుగుతుంది. ముందు ఒక ముక్క మీద కుట్టి చూడండి. అలలు చాలకపోతే ఇంకాస్త గుంజి కుట్టించండి. కొనల దగ్గర బట్ట తక్కువ సాగుతుంది, అక్కడ తొందరపడొద్దు.

రంగులు తేలిక. నలుపు మీద నారింజ కనబడదు, ముందు తెలుపు పూయండి. లోపల వెడల్పుగా నారింజ, తర్వాత సన్నగా గులాబీ, చివర దారం మెరూన్.

తలకు విడిగా కొమ్ములు అతికించొద్దు. ముందు అంచునే రెండు చోట్ల మడిచి ఒక్కో కుట్టు వేయండి. వీపు మీద మొప్పల కుచ్చు పెడితే అది నత్తల బంధువైన నుడిబ్రాంక్ అయిపోతుంది. తిండికి కింద ఒకే రంధ్రం, అదే నోరు. తినేదీ వదిలేదీ దాని నుంచే, కాబట్టి వెనక రెండోది పెట్టకండి. మోడల్‌ను దారంతో కాస్త ఎత్తులో వేలాడదీసి, కింద చిన్న అద్దం పెడితే ఆ నోరు కనిపిస్తుంది.